క్యాంపింగ్‌కి మడత చాకు: స్టీల్ పేరు చూసి కొనకండి

నా కుడి చూపుడు వేలి మధ్య కణుపు మీద సన్నటి తెల్ల గీత ఒకటి ఉంది. ఎవరైనా అడిగితే కూరగాయలు కోస్తుంటే తెగిందని చెప్పి తప్పించుకుంటాను కానీ అసలు సంగతి వేరు. టెంటు మేకు ఒకటి పోయింది, సరే ఒక కొమ్మ చెక్కుకుందాం అని కూర్చున్నాను, కొమ్మలో ముడి ఉన్న చోట చాకు మొన ఇరుక్కుపోయింది, ఇటూ అటూ ఊపుతూ లాగాను. మొన ఊడి రాలేదు. చాకు మాత్రం టప్పున మడత పడింది. తెగింది కొమ్మ పట్టుకున్న చేయి కాదు, చాకు పట్టుకున్న చేయి.

దెబ్బ చిన్నదే, వారంలో మానిపోయింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే విషయం. ఆ చాకు కొనే ముందు దాదాపు నెల రోజులు చదివాను. ఏ స్టీల్‌లో కార్బన్ ఎంత, క్రోమియం ఎంత, ఏది ఎక్కువ కాలం పదును నిలుపుతుంది, అన్నీ నోటికి వచ్చేశాయి. తెరిచిన బ్లేడ్‌ని అలా తెరిచి ఉంచుతున్నది ఏంటి అన్న ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా వేసుకోలేదు. అది లాక్ లేని చాకు. వెనకాల ఉన్న స్ప్రింగ్ బిగువు తప్ప దాన్ని ఆపేది ఏమీ లేదు. లాక్ లేదని నాకు తెలుసు, కానీ లేకపోతే ఏమవుతుందో తెలియదు.

మడత చాకు ఏది మంచిదని ఎవర్ని అడిగినా ముందుగా వచ్చే జవాబు ఏదో ఒక స్టీల్ పేరే, అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి పేరు. వాళ్లు తప్పు చెబుతున్నారని అనను. స్టీల్ ముఖ్యమే, కాకపోతే వరసలో దాని చోటు నాలుగోదో అయిదోదో. అంతకంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, వాటిని అంకెల్లో చెప్పడం కష్టం కాబట్టి ఎవరూ చెప్పరు.

క్యాంపులో చాకుకి ఉండే పని

ఈసారి వెళ్లినప్పుడు గమనించండి. తాడు కోయడం, ప్యాకెట్ చింపడం, టేపు కత్తిరించడం, ఉల్లిపాయ తరగడం, ఆపిల్ కోయడం, నిప్పు రాజేయడానికి ఎండు పుల్లని పలచటి రేకులుగా చెక్కడం, మేకుకో కొక్కేనికో చిన్న గాటు పెట్టడం. రోజంతా చాకు చేసే పని ఇంతే. వీటిలో ఏదీ బలప్రదర్శన కాదు. బ్లేడ్ పలచగా, పదునుగా ఉంటే చాలు.

ఇక రెండో రకం పనులు. దుంగ మీద చాకు ఆనించి వెనక నుంచి ఇంకో కర్రతో మోది చీల్చడం, డబ్బా మూత పెకలించడం, నేల తవ్వడం. ఇవి మడత చాకు పనులు కావు, ఎంత ఖరీదైనదైనా కావు. కట్టెలు చీల్చాలనుకుంటే మడవని చాకో చిన్న గొడ్డలో తీసుకెళ్లండి. కట్టెలు ఎక్కువగా చీల్చాల్సి వచ్చే చోటికి వెళ్తున్నారంటే నిజానికి మీరు వెతకాల్సింది మడత చాకే కాదు. ఒరలో పెట్టుకునే మామూలు చాకు గట్టిది, తేలికగా శుభ్రమవుతుంది, పాడవడానికి కదిలే భాగమే ఉండదు. మడత చాకుకి ఉన్న గొప్పదనమల్లా జేబులో పట్టడం, మూసి ఉన్నంతసేపు ఎవర్నీ కోయకపోవడం. ఆ సౌకర్యానికి మనం కట్టే మూల్యం దాని నడుములో ఉన్న కీలు.

కీలు సంగతి

ఇంట్లో ఏదైనా మడత చాకు ఉంటే చేతిలోకి తీసుకుని తెరిచి చూడండి. మడవని చాకులో బ్లేడ్ ఉక్కే పిడి లోపలికంటా చొచ్చుకుపోయి ఉంటుంది, అంతా ఒకటే ముక్క. మడత చాకులో బ్లేడ్‌ని పట్టి ఉంచేది పెన్సిల్ కంటే సన్నటి ఇరుసు ఒకటి, తెరుచుకున్న బ్లేడ్ ఇంకా వెనక్కి పోకుండా ఆనే అడ్డు ఒకటి. మీ చేతి బలమంతా ఈ రెండింటి గుండానే బ్లేడ్‌కి చేరాలి.

ఇప్పుడు తాడు కోస్తున్నారనుకోండి. తాడు బ్లేడ్‌ని ఏ వైపు నెడుతుంది? పదును నుంచి వెన్ను వైపు, అంటే బ్లేడ్ ఇంకా తెరుచుకునే దిక్కులో. అక్కడ అడ్డు ఉంది కాబట్టి బ్లేడ్ దానికి ఆని నిలబడిపోతుంది. మామూలుగా కోస్తున్నంతసేపూ లాక్‌కి పనే లేదన్నమాట. లాక్ లేని చాకుతో తరతరాలుగా జనం హాయిగా పని చేసుకున్నది ఇందుకే.

చిక్కంతా ఎదురు దిక్కులో బలం పడినప్పుడు వస్తుంది. మొనతో పొడుస్తుంటే చేయి కాస్త వాలడం, చెక్కకి బెజ్జం పెట్టడానికి మొనని గిర్రున తిప్పడం, వెన్నుతో దేన్నైనా కొట్టడం, ఇరుక్కున్న బ్లేడ్‌ని నాలాగా ఊపి లాగడం. ఇలాంటప్పుడే బ్లేడ్ మూసుకోవాలని చూస్తుంది, దాని దారిలో ఉండేవి మీ నాలుగు వేళ్లే. లాక్ ఉన్నది ఈ క్షణాల కోసం. కాబట్టి ఏ లాక్ ఎక్కువ బరువు మోస్తుంది అని కొలతలు వెతకడం కంటే, దుమ్ములో, చలిలో, తడి చేతుల్లో, పొరపాటు చేసినప్పుడు కూడా ఏది సరిగ్గా పడుతుంది అని చూడటం మేలు.

లాక్ లేని రకంలో అందరికీ తెలిసింది స్విస్ చాకు. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌లో చాకుల దుకాణం పెట్టాడు, 1891లో స్విస్ సైన్యానికి సరఫరా చేశాడు, ఇవాళ మనం చూసే ఆ ఎర్ర చాకుకి మూలమైన ఆఫీసర్ల చాకు 1897లో నమోదైంది. ఆ కంపెనీయే ఇప్పటి విక్టోరినాక్స్. జేబులో పట్టే 91 మి.మీ. మోడళ్లలో బ్లేడ్‌ని పట్టి ఉంచేది వెనక స్ప్రింగే. తిండి పనికీ తాడు పనికీ నిక్షేపంలా సరిపోతుంది. చెక్క చెక్కాలంటే మొన జోలికి పోకుండా, పదునుతో మాత్రమే, మీ నుంచి దూరంగా తోస్తూ చెక్కాలి. ఈ క్రమశిక్షణ మీకు ఉందనుకుంటే లాక్ లేనిదే తీసుకోండి, నాకు లేదని వేలు సాక్ష్యం.

లాకుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అన్నిటికంటే సాదా సీదాది, తిప్పే ఉంగరం. ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చాకుకి 1955లో ఈ ఉంగరం చేర్చారు. బ్లేడ్ తెరిచి, పిడి మెడ దగ్గరున్న ఉంగరాన్ని కొద్దిగా తిప్పితే బ్లేడ్ మూసుకునే సందు మూతపడిపోతుంది. స్ప్రింగ్ లేదు, స్క్రూ లేదు, లోపల ఏమవుతోందో అన్న అనుమానం లేదు, కంటికి కనిపిస్తుంది. లోపం ఏంటంటే తిప్పడం మర్చిపోతే లాక్ పడనట్టే, దానంతటది పడదు. పైగా పిడి బీచ్ చెక్కది కాబట్టి వానలో తడిస్తే ఉబ్బి బ్లేడ్ బిగుసుకుపోతుంది, గోటితో లాగితే గోరు విరగాల్సిందే. దానికీ ఒక చిట్కా ఉంది. ఉంగరాన్ని లాక్ తీసి ఉన్న చోటుకి తిప్పి, పిడి తోక భాగాన్ని ఏ రాయికో బల్లకో టక్కున కొడితే బ్లేడ్ కొస కాస్త పైకి లేస్తుంది, అప్పుడు పట్టుకుని తెరవొచ్చు. అక్కడి వాళ్లు దీన్ని సావోయ్ దెబ్బ అంటారు.

తర్వాతది వెన్ను లాక్. 1964లో బక్ కంపెనీ తెచ్చిన 110 అనే మోడల్‌తో దీనికి బాగా పేరొచ్చింది. పిడి వెన్నులో ఊగే కడ్డీ ఒకటి ఉంటుంది, దాని కొక్కెం బ్లేడ్ మొదట్లో ఉన్న గాడిలో పడుతుంది. గట్టిది, దానంతటది పడుతుంది, మూసేటప్పుడు బొటనవేలు పిడి వెన్ను మీదే ఉంటుంది కాబట్టి బ్లేడ్ దారిలోకి రాదు. గాడిలో ఇసుకో ఎండిన మైనమో ఇరుక్కుంటే మాత్రం కొక్కెం పూర్తిగా కిందికి దిగదు, పడినట్టే అనిపిస్తుంది కానీ సగమే పడి ఉంటుంది. గాడి వైపు ఓ చూపు వేయడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడొచ్చే చాకుల్లో ఎక్కువగా కనిపించేది లైనర్ లాక్. 1980ల మొదట్లో మైఖేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల తయారీదారు దీనికి ఇప్పటి రూపం ఇచ్చాడు. పిడి లోపల పలచటి రేకు ఒకటి పక్కకి వంగి, తెరుచుకున్న బ్లేడ్ అడుగున కాలు అడ్డం పెట్టినట్టు నిలబడుతుంది. అదే రేకు బదులు పిడి పలకే ఆ పని చేస్తే ఫ్రేమ్ లాక్, దానికి క్రిస్ రీవ్ అనే చాకుల తయారీదారు పేరు చెప్పుకుంటారు. రెండూ ఒంటి చేత్తో తెరిచి మూయడానికి అనువే. కానీ మూయడానికి ఆ రేకుని బొటనవేలితో పక్కకి నెట్టాలి, అంటే వేలు నేరుగా బ్లేడ్ దారిలో ఉంటుంది. చలికి కొయ్యబారిన వేళ్లతో, చీకట్లో, ఈ పని నాకు ఎప్పుడూ టెన్షనే. కొనేటప్పుడు పైనుంచి లోపలికి చూడండి, రేకు బ్లేడ్ అడుగుకి సరిగ్గా ఆనుతోందా లేక అంచుకి మాత్రం తగిలి ఆగిందా. అంచుకి తగిలి ఆగినదాన్ని తీసుకోకండి.

బ్లేడ్‌కి అడ్డంగా చిన్న కడ్డీ పడే రకం ఒకటి ఉంది, 1998లో బెంచ్‌మేడ్ కంపెనీ యాక్సిస్ పేరుతో తెచ్చింది, ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. పిడి పక్కనున్న బొడిపెని వెనక్కి లాగితే లాక్ విడుతుంది, వేళ్లు బ్లేడ్ దారిలోకి రానక్కర్లేదు, ఎడమచేతి వాటం వాళ్లకి కూడా సమానంగా పనికొస్తుంది. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు రెండు ఉంటాయి, అవి ఎప్పుడైనా విరగొచ్చు. రెండూ ఒకేసారి విరగడం అరుదు కాబట్టి ఒకటి పోయినా ప్రయాణం నెట్టుకు రావొచ్చు.

చాకు చేతికొచ్చాక చేయాల్సిన పరీక్ష ఒకటే. తెరిచి, లాక్ వేసి, పిడిని ఒక చేత్తో పట్టుకుని బ్లేడ్ వెన్నుని ఇంకో చేత్తో పట్టి కదపండి. ఎడమకీ కుడికీ కొద్దిగా కదిలితే ఇరుసు స్క్రూ పావు తిప్పు బిగిస్తే పోతుంది. పైకీ కిందికీ కదిలితే లాక్ సరిగా కుదరలేదని అర్థం, తిరిగి ఇచ్చేయండి. వీడియోల్లో చూసి చాకు వెన్నుని బల్లకేసి బాదే వాళ్లుంటారు. అలా బాదితే బాగున్న లాక్ కూడా దెబ్బతింటుంది, వేళ్లకి ప్రమాదం వేరే.

క్యారెట్ చెప్పే నిజం

ఒక లావుపాటి క్యారెట్ తీసుకోండి. 2 మి.మీ. మందం లోపున్న బ్లేడ్‌తో కోయండి, తర్వాత 4 మి.మీ. మందమున్న, అంతే పదునున్న బ్లేడ్‌తో కోయండి. మొదటిది నిశ్శబ్దంగా కిందికి దిగిపోతుంది, ముక్క చదునుగా, తడిగా మెరుస్తూ వస్తుంది. రెండోది సగం దాకా దిగి ఆగుతుంది, ఇంకాస్త నొక్కితే టక్ అని శబ్దం వచ్చి క్యారెట్ చీలుతుంది. ముక్క ఎగిరి ఎక్కడో పడుతుంది. కోసిన ముఖం చూస్తే పైన సగం నున్నగా ఉంటుంది, కింద సగం విరిగిన కొమ్మలా గరుకుగా ఉంటుంది.

పదును చేసే పని మొదటి వెంట్రుకవాసి వరకే. ఆ తర్వాత బ్లేడ్ ఒళ్లంతా ఆ సందులోంచి దూరి పోవాలి. ఒళ్లు లావుగా ఉంటే అది చీల్చే మేకులా పని చేస్తుంది. కట్టెలు చీల్చేటప్పుడు అదే కావాలి కానీ మడత చాకుతో కట్టెలు చీల్చకూడదని ముందే అనుకున్నాం. మరి మడత చాకుకి 4 మి.మీ. బ్లేడ్ ఎందుకు? అంటే చేతిలో పట్టుకుంటే బరువుగా, గట్టిగా అనిపిస్తుంది, ఫోటోలో బాగుంటుంది, అమ్ముడుపోతుంది. కీలు సన్నటి ఇరుసు మీద ఆధారపడినప్పుడు బ్లేడ్‌ని గునపంలా చేసి లాభమేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వెన్ను మందం 2 నుంచి 3 మి.మీ. మధ్యలో ఉంటే మంచిది. అంతకంటే ముఖ్యం పదును అంచుకి సరిగ్గా పైన ఉన్న మందం. దీన్ని ఏ పెట్టె మీదా రాయరు. బ్లేడ్‌ని మొన వైపు నుంచి కంటికి ఎదురుగా పెట్టుకుని చూడండి, వెన్ను నుంచి అంచు దాకా చక్కగా సన్నబడుతూ వచ్చిందా లేక లావుగానే వచ్చి చివర్లో ఉలిలా చెక్కేశారా తెలిసిపోతుంది. అంచు పైన అర మిల్లీమీటరు కంటే తక్కువ ఉంటే ఆ చాకు ఏళ్ల తరబడి తేలికగా కోస్తుంది, సాన కూడా తొందరగా పడుతుంది, ఎందుకంటే రాయి అరగదీయాల్సిన ఉక్కే తక్కువ.

వెన్ను నుంచి అంచు దాకా తిన్నగా సన్నబడే బ్లేడ్ అన్ని పనులకీ నప్పుతుంది. రెండు పక్కలా దొన్నెలా లోపలికి తొలిచిన బ్లేడ్ మొదట్లో భలే కోస్తుంది కానీ లోతుగా దిగేకొద్దీ లావు తగులుతుంది. అంచు దగ్గర వెడల్పాటి ఒకే ఒక వాలు ఉండే స్కాండినేవియా తరహా బ్లేడ్ చెక్క చెక్కడానికి రాజు, ఉల్లిపాయ దగ్గర బంటు.

పొడవు 7.5 నుంచి 9 సెం.మీ. మధ్య. అంతకంటే పొట్టిదైతే ఆపిల్ ఒక్క కోతలో తెగదు, పొడుగుదైతే కీలు మీద భారం పెరుగుతుంది, చట్టంతో తలనొప్పీ పెరుగుతుంది. ఆకారంలో, వెన్ను నెమ్మదిగా మొన వైపు వాలే డ్రాప్ పాయింట్ తీసుకుంటే పశ్చాత్తాపపడరు. కోణంగా నరికినట్టుండే టాంటో మొన గట్టి వస్తువుల్ని పొడవడానికి బలంగా ఉంటుంది, క్యాంపులో మీరు దేన్నీ పొడవరు.

రంపపు పళ్ల గురించి మాత్రం నిక్కచ్చిగా చెబుతాను, వద్దు. సగం పళ్లు, సగం నున్నగా ఉండే బ్లేడ్ రెండు పనులకీ వస్తుందని అమ్ముతారు. ఆ పళ్లు పిడికి దగ్గర భాగంలో ఉంటాయి. చెక్క చెక్కేటప్పుడు చేతి బలం పూర్తిగా అందేది సరిగ్గా అక్కడే, పళ్లు చెక్కలో ఇరుక్కుంటాయి. మొద్దుబారితే మామూలు రాయితో సాన పట్టలేరు. తాడు ఎక్కువగా కోసే పడవ పనులకి పూర్తి పళ్ల బ్లేడ్ మంచిదే, అది వేరే సంగతి.

ఇక స్టీల్

స్టీల్‌లో మనం కోరుకునేవి మూడు. పదును నిలవాలి, అంచు పెచ్చులూడకూడదు, తుప్పు పట్టకూడదు. ఇది పొట్టి దుప్పటి వ్యవహారం, తలకి లాగితే కాళ్లకి చాలదు. కార్బన్ పెంచితే ఉక్కు గట్టిపడుతుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. క్రోమియం ఉక్కు పైన కంటికి కనిపించని పొర కట్టి తుప్పుని ఆపుతుంది, కానీ దానికి కనీసం 10.5 శాతం ఉండాలి, అదీ కార్బన్‌తో కలిసి గడ్డకట్టకుండా విడిగా ఉండాలి. డీ2 అనే ఉక్కులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా కార్బన్ 1.5 శాతం ఉండటం వల్ల క్రోమియంలో చాలా భాగం ఆ కార్బన్‌కే అతుక్కుపోతుంది. అందుకే స్టెయిన్‌లెస్ లాగే కనిపించి, తడి గుడ్డలో చుట్టి రెండు రోజులు మర్చిపోతే మచ్చలు తేలుతుంది. స్వానుభవమే.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ అనే స్కేలు మీద కొలుస్తారు, వజ్రపు మొనని ఉక్కులోకి నొక్కి ఎంత లోతు దిగిందో చూస్తారు. చాకులు ఎక్కువగా 56 నుంచి 62 మధ్య ఉంటాయి. అడవిలో తేడా ఎలా తెలుస్తుందంటే, 56 దగ్గరున్న అంచు రాయికి తగిలితే వంగుతుంది, 62 దగ్గరున్నది చాలాసార్లు పెచ్చులూడుతుంది. వంగిన అంచుని రాయి మీద నాలుగు సార్లు రాసి, బెల్టు తోలు మీద సరిచేసుకుని పనిలో పడొచ్చు. ఊడిన పెచ్చు పోవాలంటే ఆ లోతు దాకా ఉక్కునంతా అరగదీయాలి, అది ఇంటికెళ్లాక చేసే పని. నేను మెత్తటి ఉక్కు వైపే మొగ్గుతాను. కాసేపటికోసారి పదును పెట్టుకోవాల్సి వస్తుంది, పెట్టుకుంటాను, క్యాంపులో సాయంత్రం పూట అంతకంటే ముంచుకొచ్చే పని ఏముంటుంది.

పేర్లు కావాలంటే, 12సీ27, 14సీ28ఎన్, 420హెచ్‌సీ, ఇవన్నీ తుప్పు తక్కువగా పట్టే, సాన తేలికగా పడే రకాలు. 8సీఆర్13ఎమ్ఓవీ చవక చాకుల్లో వస్తుంది, దాన్ని చూసి మొహం చిట్లించక్కర్లేదు. 1095 లాంటి సాదా కార్బన్ ఉక్కులో కార్బన్ 0.95 శాతం, పేరులో చివరి రెండంకెలే ఆ సంగతి చెబుతాయి. పదును అద్భుతంగా ఎక్కుతుంది కానీ ఆపిల్ కోసి తుడవకపోతే అరగంటలో బూడిద రంగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ తుప్పు కాదు, పెద్దగా హాని లేదు. నారింజ రంగులో పొడిలా లేస్తే అది తుప్పు.

ఖరీదైన రకాల్లో 2001లో వచ్చిన ఎస్30వీ లాంటివి పదును చాలా కాలం నిలుపుతాయి. వాటిలో వెనేడియం కార్బైడ్ రవ్వలు ఉంటాయి, అవి మామూలు సానరాయిలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టివి. మొద్దుబారినప్పుడు వజ్రపు పొడి అద్దిన పలక లేకపోతే గంటసేపు రాసినా రాయే అరిగిపోతున్నట్టు ఉంటుంది. 2021లో వచ్చిన మ్యాగ్నాకట్ అనే ఉక్కు, లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త తయారు చేసింది, తుప్పునీ పెళుసుదనాన్నీ ఒకేసారి బాగా తగ్గించింది, దుప్పటి కాస్త పొడుగైందన్నమాట. డబ్బులుంటే కొనండి, తప్పేం లేదు. సముద్రం దగ్గర తిరిగేవాళ్లకి కార్బన్ బదులు నైట్రోజన్ ఎక్కువగా ఉండే హెచ్1 లాంటి ఉక్కులు ఉన్నాయి.

పేరు ఒకటే అయినా ఉక్కు ఒకటే కాదని గుర్తుపెట్టుకోవాలి. ఎంత వేడికి కాల్చారు, ఎంత వేగంగా చల్లార్చారు, తర్వాత మళ్లీ ఎంత వేడిలో ఉంచారు, వీటిని బట్టి అదే ఉక్కు గాజులానూ ఉండొచ్చు, మైనంలానూ ఉండొచ్చు. బక్ కంపెనీ దశాబ్దాలుగా 420హెచ్‌సీ లాంటి మామూలు ఉక్కుతోనే మంచి పేరు నిలుపుకుందంటే వేడి చేసే పద్ధతి బాగుండబట్టే. పేరున్న కంపెనీ చేసిన సాదా ఉక్కు, ఊరూ పేరూ లేని కంపెనీ చేసిన ఖరీదైన ఉక్కు, ఈ రెండూ పక్కపక్కన ఉంటే మొదటిదే తీసుకుంటాను.

పిడి, తెరవడం, కడగడం

పిడి ఏ పదార్థం అన్నది కంటే పది నిమిషాలు చెక్క చెక్కితే అరచేతిలో ఎక్కడ నొప్పి పుడుతుందన్నది చూడండి. చాలాసార్లు నొప్పికి కారణం జేబుకి తగిలించుకునే క్లిప్పే, దాని కొస వేలి మొదట్లో గుచ్చుకుంటుంది. తీసేసే వీలున్న క్లిప్పు మంచిది. గాజునార కలిపిన నైలాన్, గాజుబట్ట పొరల్ని రెజిన్‌తో అతికించి చేసే జీ10, గుడ్డ పొరలతో అలాగే చేసే మైకార్టా, ఇవన్నీ తడికి జారవు. అల్యూమినియం చలిలో చేతికి మంచులా తగులుతుంది. రంగు విషయంలో నలుపూ ఆకుపచ్చా వద్దు, ఎండుటాకుల్లో పడితే దొరకదు. నారింజ రంగు అందంగా ఉండదు, దొరుకుతుంది.

గోటితో తెరిచే గాడి చేతి తొడుగులు వేసుకుంటే పనికిరాదు. బొటనవేలితో తోసే బొడిపె గానీ బ్లేడ్‌కి గుండ్రటి రంధ్రం గానీ ఉంటే ఒంటి చేత్తో తెరవొచ్చు. ఆ రంధ్రాన్నీ జేబు క్లిప్పునీ 1981లో స్పైడర్‌కో అనే కంపెనీ తన మొదటి చాకుతోనే తెచ్చింది. మీట నొక్కితే స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే చాకులు సరదాగా ఉంటాయి, క్యాంపులో వాటి అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఇరుసు దగ్గర బాల్ బేరింగులున్న చాకు వెన్నలా తెరుచుకుంటుంది, ఇసుక పడిన రోజు నుంచి కరకరలాడుతుంది. కంచు వాషర్లున్నది అంత నున్నగా తిరగదు కానీ మట్టికి త్వరగా లొంగదు. పిడి వెనక భాగం తెరిచి ఉండి, ఇటు నుంచి అటు వెలుగు కనిపించే చాకు అయితే నీళ్లు పోస్తే చాలు లోపలి చెత్త బయటికొస్తుంది. పిడి మూసి ఉన్న చాకుతో ఉల్లిపాయలు తరిగి అలాగే మడిచి జేబులో వేసుకుంటే మర్నాటికి లోపల ఏం జరుగుతుందో ముక్కుకే తెలుస్తుంది. తిన్నాక గోరువెచ్చని నీళ్లతో కడిగి, తెరిచే ఉంచి ఆరబెట్టి, ఇరుసు దగ్గర ఒక్క చుక్క మినరల్ ఆయిల్ వేయాలి. వంటనూనె వేయకండి, కొన్నాళ్లకి బంకలా తయారవుతుంది. స్క్రూలు చాలావాటికి ఆరు కోణాల నక్షత్రం తలలు ఉంటాయి, టీ6, టీ8 సైజులు తగులుతుంటాయి, సరిపోయే స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోండి.

సాన పట్టడం భయపడాల్సిన విద్య కాదు. అరచేతిలో పట్టే చిన్న వజ్రపు పలక ఒకటి చాలు. అంచు మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి, ఒక పక్కకి 20 డిగ్రీల వాలులో రెండుసార్లు రాయండి. ఇంకు అంచు చివరి దాకా పోతే వాలు సరిగ్గా ఉంది, పైన మాత్రమే పోతే చాకుని కొద్దిగా లేపాలి. ఒక పక్క రాస్తూ రెండో పక్క వేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది, అంటే ఆ పక్క అయిపోయింది, తిప్పండి. పలక మర్చిపోతే పింగాణీ కప్పు బోర్లించి అడుగున మెరుపు లేని వలయం మీద రాసినా ఆ పూటకి గడుస్తుంది.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల మనం ఊహించే దానికి తలకిందులుగా కూడా ఉంటుంది. బ్రిటన్‌లో బ్లేడ్ అంచు 3 అంగుళాలు మించని, లాక్ లేని మడత చాకుని కారణం చెప్పకుండా వెంట తిప్పుకోవచ్చు, అదే లాక్ ఉంటే సరైన కారణం చూపించాలి. జర్మనీలో ఒంటి చేత్తో తెరుచుకుని లాక్ పడే రకం మీద ఆంక్షలున్నాయి. వేలికి భద్రమైన చాకే చట్టానికి అనుమానాస్పదం. విమానంలో అయితే చేతి సంచిలో పెట్టుకోకండి, చెక్ ఇన్ చేసే పెట్టెలో వేయండి. బయల్దేరే ముందు వెళ్లే చోటి నియమాలు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు నా జేబులో ఉండేది ఉంగరం లాక్ ఉన్న పలచటి చాకు, చెక్క పని ఉందనుకుంటే సంచిలో ఒరతో ఉన్న చిన్న చాకు. వేలు కోసిన ఆ పాత చాకుని పారేయలేదు, వంట సామాన్ల డబ్బాలో ఉంది, ఉల్లిపాయలకి దాన్ని మించింది లేదు.

ఇక ఆ ఇరుక్కుపోయిన మొన. అది ఎవరికైనా జరుగుతుంది, లాక్ ఉన్నా లేకపోయినా. అప్పుడు చాకుని పక్కలకి మెలిపెట్టకండి, మొన విరుగుతుంది. వెన్ను వైపు ఒత్తుతూ లాగకండి, నాకు జరిగిందే జరుగుతుంది. ముందు చాకు పట్టుకున్న చేతి వేళ్లని బ్లేడ్ మూసుకునే సందు మీద నుంచి తీసేసి, పిడిని రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకోండి. చాకుని కదలకుండా ఉంచి, రెండో చేత్తో కొమ్మని, బ్లేడ్ దిగిన దారిలోనే, నెమ్మదిగా వెనక్కి లాగండి. అయినా రాకపోతే ఇంకో చాకుతోనో రాతి అంచుతోనో చుట్టూ ఉన్న చెక్కని కొద్ది కొద్దిగా తొలిచేయండి. అయిదు నిమిషాలు పడుతుంది.